తెగిన పోగులు అతికినందుకు

కడపలో కళల పోటీ పెట్టిన అయ్యగారికి,

నా మనవరాలు పద్మశ్రీ మగ్గం నిండా తెగిన పోగులు వేలాడదీసి, ఇదే కళ అని మీ పోటీలో పెట్టింది. చూడ్డానికొచ్చిన నేను వాటిని అతికేసినాను. అరవై ఏండ్లు నేసిన చేయి, తెగిన పోగును చూసి ఊరుకుంటుందా? "ముట్టుకోవద్దు అవ్వా!" అని మీ కాపలాయన అరిచేసరికి పని అయిపోయింది.

తప్పు నాదైతే, పోటీలోంచి పిల్లను తీసేస్తారా?

నేనే వచ్చి అన్నీ మళ్లీ తెంపుతాను. ఏది యాడ తెగిందో నాకు గుర్తుండాది, మొత్తం నలభైమూడు. ఫోటోలు తీసుకొని పోయినోళ్లలో ఒక్కరన్నా అంత బాగా చూసినారా?

తెంపేటప్పుడు మాత్రం తలుపేయండి. బుద్ధెరిగినాక ఎన్నడూ చేయని పని, నలుగురు చూస్తే సిగ్గు.

వేలిముద్ర వేసినది,
పద్మశ్రీ అవ్వ