ఫస్టు ప్రైజు గ్లాసు

రాజమండ్రి, 1976, శుక్రవారం రాత్రి

వక్తృత్వ పోటీలో నాకే ఫస్టు ప్రైజు. చీటీ తీస్తే "విద్యార్థులకు రాజకీయాలు వద్దు" అని వచ్చింది. అదే మాట్లాడాను. కరపత్రాలు పంచాడని అన్నయ్యని కాలేజీ నుంచి సస్పెండ్ చేసిన ప్రిన్సిపాల్‌గారే అందరికంటే ముందు చప్పట్లు కొట్టారు.

ఎక్కడ గొంతు పెంచాలో, ఎక్కడ ఆగాలో నాకు నేర్పింది అన్నయ్యే. గేటు బయట నిలబడి మైకులో అంతా విన్నాడట. "బాగా ఆగావే. కాసేపు నేనే నమ్మేశాను," అన్నాడు. నవ్వాడో లేదో నేను చూడలేదు.

ప్రైజు స్టీలు గ్లాసు. అమ్మ అందులోనే పాలు పోసిచ్చింది, తాగేశాను. ఏడుపూ రావట్లేదు, సంతోషమూ లేదు. రేపు బజారుకెళ్లి దాని మీద పేరు కొట్టిస్తుందట. మా ఇంట్లో ఏ గిన్నె కొన్నా అమ్మ అన్నయ్య పేరే కొట్టిస్తుంది. వద్దని నేనూ అనలేదు, అన్నయ్యా అనలేదు.