కరెంటు పోతే ఆగే మంచు

సిరిసిల్ల

చెల్లె సంగీతకు,

ఫిన్లాండులో నువ్వు పనిచేసే వృద్ధాశ్రమంలో ఉన్న ఆ దేశపు పెద్దమ్మ గురించి రాశావు. రొట్టెల దుకాణంలో పనిచేస్తూ నలభై ఏళ్లు పిల్లల పాటలు రాసిన మనిషి, "ఇంక నా పాటలు ఎవరికి కావాలి?" అంటూ తిండి మానేసిందన్నావు. నువ్వు తెలుగు చేసి పంపిన ఆమె మంచు పాటను మా మూడో తరగతికి నేర్పాను. రెండు రోజుల్లో అందరికీ నోటికొచ్చింది.

ఒక్కటే చిక్కు. "చప్పుడు లేకుండా మంచు కురిసింది" అన్నచోట, మరమగ్గాల ఫరూఖ్ బిడ్డ ముస్కాన్ లేచింది.

"గట్ల కాదు సార్. సాంచెలు నడిస్తేనే పడ్తది, శాన చప్పుడైతది. కరెంటు పోతే ఆగుతది."

సాంచెల షెడ్డులో మరమగ్గాల నుంచి రాలే దూదినే మంచు అనుకుంది. దిద్దడానికి నాకు మనసొప్పలేదు. ఇప్పుడు క్లాసంతా ఆ చరణం దగ్గర బల్లల మీద సాంచెల మోత మోగిస్తోంది.

తప్పో ఒప్పో పెద్దమ్మనే అడుగు. ముందు నాలుగు ముద్దలు తినిపించి అడుగు.

కవర్లో గుప్పెడు దూది ఉంది, ముస్కానే పెట్టింది. "అవ్వకు చెప్పుండ్రి సార్, మా మంచు కరగది" అంది.

మీ అన్న