ఆముదం పోసిన బ్రేకులు

సూర్యాపేట,
9 ఫిబ్రవరి 1949

పూజ్యులైన అన్నయ్య మట్టయ్య గారికి,

చెల్లెలు జంగమ్మ చేతులు జోడించి రాస్తున్నది. కోదాడలో నువ్వూ, వదినా, అమ్మా చల్లగా ఉన్నారని తలుస్తాను. ఇక్కడ మేము క్షేమమని రాయడానికి మనసొప్పడం లేదు.

ఏసుపాదాన్ని పెళ్లి చేసుకున్ననాడు ఇక నా ముఖం చూడనన్నావు. ఆ మాట మీద నువ్వు నిలబడ్డావు, నేనూ నిలబడ్డాను. యుద్ధం రోజుల్లో నువ్వూ ఆయనా మిలిటరీ వర్క్‌షాపులో ఒకే బండి కింద పడుకొని పనిచేసినవాళ్లు. ఆ పని కోసమే ఇవాళ రాస్తున్నాను.

మా వీ-ఎయిట్ ఇంజను కారు సంగతి నీ చెవిన పడే ఉంటుంది. మా ఆయన దాన్ని కోదాడకూ మిర్యాలగూడకూ కిరాయికి తిప్పేవాడు. ఆ ఇంజను పరుగుకు పాత ఇనుప రాడ్ల బ్రేకులు ఆగవని ఎప్పటినుంచో అంటూనే ఉన్నాడు. పోయిన నెల మిర్యాలగూడ దారిలో వాగు దిగుడులో గొర్ల మంద అడ్డం వచ్చింది. పెడల్ తొక్కితే ఒక్క చక్రమే పట్టింది. బండి గిర్రున తిరిగి బండకు గుద్దుకుంది. వెనక కూర్చున్న నర్సయ్య మామ, మా వాడకట్టు మనిషే, అక్కడికక్కడే పోయాడు. మా ఆయన కుడి చేతికి దెబ్బ తగిలింది, కట్టు కట్టారు.

చాలా రోజులు గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఒకనాడు లేచి, "దీనికి ఆయిల్ బ్రేకులు ఏస్త. గంతవరకు ఇది గేటు దాటది" అన్నాడు. తుక్కు కింద అమ్మిన మిలిటరీ బండి నుంచి డ్రమ్ములు, పైపులు, సిలిండర్లు తెప్పించాడు. పెరట్లో కారును రాళ్ల మీద నిలబెట్టాం. ఆయన పక్కన కూర్చొని చెబుతాడు, నేను కింద దూరి బిగిస్తాను. అంతా కుదిరింది కానీ సిలిండర్లలో ఉండే గిన్నెల్లాంటి రబ్బరు వాషర్లు ఎండి పగిలిపోయాయి. తొక్కితే నూనె బయటికి కారుతున్నది. అవి నీ దగ్గర ఉన్నాయని కోదాడ బస్సు డ్రైవరు చెప్పాడు. అతని చేతికిచ్చి పంపు. నా ముఖం చూడనక్కర లేదు.

నీ చెల్లెలు,
జంగమ్మ


సూర్యాపేట,
27 ఫిబ్రవరి 1949

అన్నయ్యకు,

నమస్కారం. నీ జవాబు రాలేదు. కోదాడ బస్సు వచ్చే వేళకు రోజూ వెళ్లి, డ్రైవరు తల అడ్డంగా ఊపితే తిరిగి వస్తున్నాను.

చెప్పులు కుట్టే ఈదయ్య జాలిపడి తోలుతో వాషర్లు కోసి ఇచ్చాడు. అవి బిగించిన పొద్దున పెడల్ రాయిలా నిలబడింది. చాలా రోజుల తర్వాత ఆయన అన్నం అడిగి పెట్టించుకున్నాడు. మధ్యాహ్నానికి చక్రాల కింద నూనె మడుగులు. పెడల్ నేలకు తగిలింది.

ఆయన లేచాడు. కిరసనాయిలు డబ్బా తెచ్చి సీట్ల మీద గుమ్మరించాడు. అగ్గిపుల్ల గీయడానికి తంటాలు పడుతుంటే పెట్టె గుంజుకున్నాను. "ఇడువు జంగీ, గిది మనిషిని తిన్న బండి. దీన్ని ఖతం జేస్తేనే నాకు కన్ను మూతపడ్తది" అన్నాడు. నేను ఎక్కి ఆ తడి సీటు మీదే కూర్చున్నాను. "అయితే నన్ను గూడ కాలవెట్టు" అన్నాను. అక్కడే కూలబడి ఏడ్చాడు. పెళ్లయినప్పటి నుంచి ఆయన ఏడవడం చూడలేదన్నా.

ఇప్పుడు మూసీ వైపు ఒక్కడే పోతున్నాడు. నేను వెనకాలే పోతున్నాను. నర్సయ్య మామ భార్య వీరమ్మత్త మా ముందు నుంచే నీళ్లకు పోతుంది, తల తిప్పి చూడదు. తిట్టిపోసినా బాగుండును.

ఆ వాషర్లు వస్తే ఆయన బతుకుతాడని నా ఆశ. రాకపోతే ఏమవుతుందో కాగితం మీద పెట్టలేను. నా మీద కోపం నా మీదనే ఉంచుకో. ఒకే కంచంలో తిన్న దోస్తు కోసం పంపు.

జంగమ్మ


సూర్యాపేట,
21 మార్చి 1949

ప్రియమైన అన్నకు,

వేల దండాలు. పొట్లం అందింది. లోపల చీటీ మీద, "ఇంజన్ ఆయిల్ పోయొద్దు, రబ్బరు ఉబ్బుతది. ఆముదంల స్పిరిట్ కలిపి పొయ్యాలె" అని ఉంది. పేరు రాయలేదు నువ్వు. అయినా ఆ చీటీని ఆయన ఎన్నిసార్లు చదివాడో.

ఆముదం గానుగ నడిపే పెద్దులు ఇచ్చాడు, స్పిరిట్ కాంపౌండర్ ఇచ్చాడు. పైపుల్లో గాలి తీయడానికి ఆయన పెడల్ తొక్కుతుంటే నేను చక్రం దగ్గర నట్టు వదులు చేసి బిగించాను. బుడగలు ఆగి చిక్కటి నూనె వచ్చినప్పుడు, "ఇగ చాలు" అన్నాడు. 

ఇంకా బండిని రాళ్ల మీద నుంచి దింపుతూనే ఉన్నాం, వీరమ్మత్త ఉరుక్కుంటూ వచ్చింది. కోడలు పుష్పకు నిన్నటి నుంచి నొప్పులు, బిడ్డ అడ్డం తిరిగింది, మంత్రసాని తన వల్ల కాదన్నది. మిర్యాలగూడలో డాక్టరమ్మ ఉన్నదట. బస్సు పోయింది, ఎడ్లబండి మీద తీసుకుపోతే బతకదు. మా ఆయన రెండడుగులు వెనక్కి వేశాడు. "అత్తా, గీ బండి వద్దు. బ్రేకులు ఇంకా ఒక్కపారి గూడ సూడలే" అన్నాడు. ఆమె కారు తలుపు తానే తెరిచి, "నా పెనిమిటి పోయిన సీటు ఇదే. దీంట్లనే కూసుంట. నడువుండ్రి" అన్నది.

పుష్పను వెనక పడుకోబెట్టి బయలుదేరాం. దారి పొడుగునా ఆ పిల్ల కేకలు. అదే వాగు దిగుడు రాగానే మా ఆయన కళ్లు మూసుకున్నాడు. కింద నీళ్లలో ఆముదపు గింజల బస్తాల ఎడ్లబండి ఇరుక్కుపోయి ఉంది, ఎడ్లు కదలడం లేదు. బ్రేకు పడింది. అన్నా, నాలుగు చక్రాలూ ఒక్కసారే పట్టాయి. మా బండి పక్కకు ఈడ్వలేదు, తిరగలేదు. గీత గీసినట్టు దిగి, ఎడ్లబండికి ఇంకా చాలా దూరం ఉండగానే ఆగింది. వీరమ్మత్త ఆ ఎడ్ల వైపు చూసింది. తర్వాత, "ఆగింది" అని మాత్రం అన్నది.

బిడ్డ దక్కలేదు. కడుపులోనే పోయి ఉన్నదని డాక్టరమ్మ చెప్పింది. ఇంకొంచెం ఆలస్యమైతే తల్లి కూడా పోయేదట. పుష్ప బతికింది. తిరిగి వచ్చేటప్పుడు వీరమ్మత్త మా ఆయన భుజం మీద చేయి వేసి, "నీది తప్పు లేదని నాకెరుకనే. నోరు రాలే బిడ్డా" అన్నది. ఆ మాటతో ఆయన మళ్లీ మనిషయ్యాడు. పూర్తిగా కాదు. కానీ మూసీ వైపు పోవడం మానేశాడు.

అమ్మకూ వదినకూ నా దండాలు చెప్పు.

నీ చెల్లెలు,
జంగమ్మ

ఇంకో మాట: ఈ సంగతి నీకు రాయలేదు. దవాఖానలో ఆయన కుడి చేయి మోచేతి దాకా తీసేశారు. మొదటి ఉత్తరంలో నేను రాసిన కట్టు, చేయి పోయిన చోట కట్టిన కట్టు. తెలిస్తే నన్ను తీసుకుపోవడానికి వస్తావని భయపడ్డాను. నేను రానంటే మళ్లీ నిన్ను పోగొట్టుకుంటానని ఇంకా భయపడ్డాను. మిర్యాలగూడకు బండి నడిపింది నేనే అన్నా. పెళ్లయిన కొత్తలో ఊరవతల మైదానంలో సరదాకు నేర్పించాడు. వాగు దిగుడులో బ్రేకు తొక్కింది నా కాలు. ఇప్పుడు కిరాయికీ నేనే తిప్పుతున్నాను, ఆయన పక్కన కూర్చుంటాడు. జనం నవ్వుతున్నారు, ఎక్కుతున్నారు. అమ్మను చూడాలని ఉంది. వచ్చే ఆదివారం కోదాడ వస్తాను. ముఖం చూడనంటే తలుపు వేసుకో. చూస్తానంటే రోడ్డు మీద నిలబడు, బండి ఆపుతాను.