మంచం కోడు మీద మూడు దెబ్బలు

చి.ల.సౌ. తాయమ్మకు ఆశీస్సులు. ఇక్కడ నేను, మనవరాలు మునిలక్ష్మి, నీ కుంటి కోడి క్షేమం. బూదికోటలో మీ అక్క విరిగిన కాలు తొందరగా అతుక్కుని నువ్వు తిరిగొస్తే, ఈ క్షేమం ఇంకొంచెం కుదురుగా ఉంటుంది.

నువ్వు అడిగినవాటికి జవాబులు. కోడి గుడ్లు పెట్టడం మానేసింది. నా దగ్గు అలాగే ఉంది. ముప్పై ఏళ్లు గనిలో రాతిపొడి మింగినవాడికి అది పింఛను లాంటిది, తప్పకుండా వస్తుంది. పిల్లకు తల తిరగడం తగ్గిందా అన్నావు. దానికే వస్తున్నాను.

వాళ్ల బడికి గురువారం గురువారం నర్సు లక్ష్మీకాంతమ్మ వస్తుంది. సొంతూరు ముళబాగిలు. ఆ లారీల దుమ్ములో పుట్టి చీర అంత తెల్లగా ఎలా ఉంచుతుందో! మన పిల్ల ఇప్పుడు ఆవిడలాగే జడ చుట్టి పిన్ను పెడుతోంది. అదైనా ఓర్చుకున్నాను. పిల్ల ఆవిడ గది తలుపు మూడుసార్లు కొట్టి లోపలికి పోతుందట. ఆ మూడూ నావి! కూలీలను గనిలోకి దించే బోను వదిలేముందు 'లోపల మనుషులున్నారు, పదిలం' అని నేను కొట్టిన గంటలు. కడుపునొప్పి వచ్చినా, భయమేసినా నా మంచం కోడు మీద అలా కొట్టమని నేర్పింది నేను.

"ఆవిడతో చెప్పేవి నాతో చెప్పకూడదా అమ్మా?" అన్నాను పిల్లతో.

"అవి నీకు చెప్పేవి కాదులే తాతా."

ఆవిడ ఇనుము మాత్రలు ఇచ్చింది. నా రాగిముద్దలో లేనిది వాటిలో ఏముందని ఒళ్లు మండింది. తాయమ్మా, ఇక దాచను: ఆ పొట్లం నా పాత గని టోపీలో దాచాను. ఆరు రోజులు పిల్ల వెతికింది. పక్కన నిలబడి నేనూ వెతికాను.

మొన్న గురువారం బడి ప్రార్థనలో కళ్లు తిరిగి పడిపోయింది. కబురు రాగానే టోపీ చంకలో పెట్టుకుని పరుగెత్తాను.

"నెలనెలా రక్తం శానా పోతా ఉండాది తాతా. అవ్వ ఊర్లో లేదు, నీతో చెప్పేదానికి సిగ్గు. మాత్రలు ఏసుకుంటా ఉండాదా?" అంది నర్సు.

టోపీ బల్ల మీద బోర్లించాను. పిల్ల నావైపు చూసింది. తిడుతుందనుకున్న నర్సు, "సరే, ఇంగ రోజూ నువ్వే ఇయ్యి" అంది. తిట్టినా బాగుండేది.

రెండు రోజులు పిల్ల నాతో మాట్లాడలేదు. ఈ పొద్దున మంచం కోడు మీద మూడు దెబ్బలు. చూస్తే, చెయ్యి చాపి నిలబడింది.

"మాత్ర ఇయ్యి. మళ్లా దాచిపెడితే నర్సమ్మకు చెప్తా."

చెప్పుకోనీ. ముందు కొట్టింది నా మంచమే.

ఇట్లు,
ఇప్పటికింకా మునిలక్ష్మి తాత,
గోవిందప్ప