మా ఆయనకు ప్రెస్ కార్డు ఇవ్వవద్దని

పెనుకొండ,
సోమవారం.

అక్రిడిటేషన్ కార్డులు మంజూరు చేయు అధికారి గారి సముఖమునకు,

పెనుకొండ తాలూకాఫీసు ఎదుట జిరాక్స్, డి.టి.పి. షాపు నడుపుకొను నాగమణి, భర్త పేరు లోకేష్, వ్రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: నా భర్త ప్రెస్ కార్డు దరఖాస్తును ఈ నెలాఖరులోగా తిరస్కరించవలసినదిగా కోరుట గురించి.

పై విషయమై విన్నవించుకొనునది ఏమనగా, కార్డు ఇప్పించమని తమరికి అర్జీలు కుప్పలుగా వచ్చి ఉండును. ఇవ్వవద్దని, అందులోనూ కట్టుకున్న భార్య నుండి రావడం ఇదే మొదలు కావచ్చు. అందుకు మన్నించాలి.

నా భర్త కార్ల విడిభాగాల కంపెనీలో నెల జీతం మీద పనిచేయుచుండిరి. నిరుడు అది మాని ‘మూడూళ్ల వార్త’ అను ఆన్‌లైన్ వార్తాసంస్థను స్థాపించిరి. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం వార్తలు అందులో వచ్చును. కాగితం మీద అచ్చు వేయరు, ఫోనులో చూసుకోవలసినదే. సంస్థ అనగా ఆయన, ఒక ఫోను, ఒక మైకు, మా పడకగది. కంపెనీ సూపర్‌వైజరు మంచివాడు కనుక ఈ నెలాఖరు దాకా ఆయన చోటు అలాగే ఉంచుతానన్నాడు. ఈయనేమో కార్డు సంగతి తేలనిమ్మంటారు. అడిగినప్పుడల్లా దరఖాస్తు పరిశీలనలో ఉన్నదని జవాబు. రాదంటే లేచి డ్యూటీకి పోతారు, వస్తుందంటే సరే. పరిశీలనలో ఉన్న మనిషితో సంసారం చేయడం చాలా కష్టముగా ఉన్నది. కావున నా బాధలు ఈ క్రింద మనవి చేసుకొనుచున్నాను.

1. అచ్చు ఖర్చు లేదు, పేపరు వేసే మనిషి అక్కరలేదు, కాబట్టి వచ్చేదంతా లాభమేనని ఆయన నన్ను నమ్మించిరి. ఊళ్లో ఫోనున్న ప్రతివాడూ తన పెళ్లాన్ని ఇలాగే నమ్మించినట్లు తరువాత తెలిసినది. హిందూపురంలో ఒక ప్రెస్ మీట్‌కు వచ్చిన ఆన్‌లైన్ చానళ్ల మైకులన్నీ బల్ల మీద పెట్టేసరికి నాయకుడి ముఖం కనబడలేదు. మావారి వీడియోలో మైకుల వెనక నుండి రెండు చేతులు మాత్రం ఊగుచున్నవి.

2. పడకగది గోడకు ఆకుపచ్చ రంగు వేయించిరి. ఆ రంగున్న చోట కంప్యూటరు ఏ బొమ్మ కావాలంటే ఆ బొమ్మ పెట్టునట. మా అత్తగారు రమాదేవి గారు ఆకుపచ్చ చీర కట్టుకుని బీరువా తాళాల కోసం అటు పోగా, ధర్మవరం పట్టుచీరల ధరల వార్తలో ఆమె తలకాయ ఒక్కటే తేలుతూ పోయినది. అత్తగారు ఇప్పటికీ ఆ గదిలోకి పోవడం లేదు. తాళాలు నేనే తెచ్చి ఇవ్వవలసి వస్తున్నది.

3. ఆదాయము. చూసేవారిని బట్టి దుడ్లు వచ్చునన్నారు. మావారు ఎండలో తిరిగి చెరువుల మీద చేసిన వార్తలు మా బంధువులు కూడా పూర్తిగా చూడలేదు. ముదిగుబ్బలో గొర్రె ఒకటి బస్సెక్కి కిటికీ సీటులో కూర్చున్న వీడియోను కువైట్‌లో ఉన్నవాళ్లు, బెంగళూరులో ఉన్నవాళ్లు తెగ చూసిరి. సంస్థ చరిత్రలో డాలర్లు వచ్చినది ఆ గొర్రె వల్లనే. మిగతా నెలలు నాయకుల పుట్టినరోజు శుభాకాంక్షల ప్రకటనలతో గడుచును. ఎవరి పుట్టినరోజు ఎప్పుడో మా ఇంట్లో చిన్నపిల్లలకు కూడా కంఠతా వచ్చు. నా పుట్టినరోజు మాత్రం ఆయనకు గుర్తులేదు. ప్రకటన ఇవ్వలేదు కదా.

4. ఇది ముఖ్యమైనది. ప్రకటనలు ఇచ్చువారిలో పెద్దవారు ఫంక్షన్ హాలు మల్లప్ప గారు. వారి హాలు మురుగు దాసమ్మ అను కూలి ఆమె ఉండే వీధిలోకి పారుచుండెను. దాసమ్మ రెండేళ్లుగా నా షాపుకు వచ్చి దాని మీద అర్జీలు టైపు చేయించుకొనుచున్నది. నాకు అది నికరమైన బేరం. నా భర్త పోయి ఆ మురుగును వీడియో తీసి వేసినారు. వారం తిరగకముందే పైపు మూసిరి. మల్లప్ప గారు ప్రకటనలు మానుకొనిరి, దాసమ్మ అర్జీలు మానుకొన్నది. ఒక్క వార్తతో మొగుడి ఆదాయము, పెళ్లాము ఆదాయము రెండూ పోవుట తమ సర్వీసులో ఎక్కడైనా చూసినారా?

5. ఆ వీడియో తీసేస్తే ప్రకటనలు మళ్లీ ఇస్తామని మల్లప్ప గారి మనిషి వచ్చి చెప్పినాడు. తీసేయమని నేను కూడా పోరాను. నా భర్త అన్నం ముందు నుండి లేవకుండా ఇంత మాత్రం అన్నారు: “ఇది తీసేస్తే రేపు ఎవురొచ్చి చెప్పినా తీసేయాల నాగమణీ. ఇంగ మనకాడ మిగిలేటివి శుభాకాంక్షలే.” నాకు కోపం వచ్చినది. ఆ మాట నిజమని తెలిసినందుకు ఇంకా ఎక్కువ కోపం వచ్చినది. మా పిల్ల ఫీజు కట్టవలసి ఉన్నదండీ. నాకు భయంగా ఉంది.

కావున దయగల తమరు నా భర్త దరఖాస్తును నెలాఖరులోగా తిరస్కరించి, ఆ కాగితము ఆయన చేతికి అందునట్లు చేసి, మా కుటుంబమును నిలబెట్టవలెనని కోరుచు, ఈ మనవి చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
నాగమణి

తాజా కలం: ఇది పోస్టు చేయబోవుచుండగా దాసమ్మ షాపుకు వచ్చినది. ఆ మురుగును ఇప్పుడు వెనక వీధిలోకి తిప్పినారట. వెంట ఆ వీధి ఆడవాళ్లు కూడా వచ్చిరి. మంచి బేరమే తగిలిందని ప్రింటరులో కాగితాలు సర్దాను. ఆమె కూర్చోనే లేదు.

“అర్జీ వద్దులేమ్మా. మీ ఆయప్పను పిలువు. ఈసారి నా నోటితో నేనే చెప్తా.”

ఆయన ధర్మవరంలో ఉన్నారు. పొమ్మని చెప్పేయవచ్చు. కానీ ఆ వీధికి పోయి నా ఫోనుతో నేనే తీశాను. రెండేళ్లలో “నువ్వే రాయమ్మా” తప్ప నాతో ఇంకో మాట అనని దాసమ్మ మురుగు పక్కన నిలబడి ఆపకుండా మాట్లాడింది. ఆమె మాటల్లో ‘వినయపూర్వకంగా’ లేదు, ‘దయగల తమరు’ లేదు. ఆమె పేరు మీద నేను టైపు చేసిన మాట ఒక్కటీ లేదు. వీడియో కొంచెం కదిలింది. మావారు అలాగే వేసేశారు.

సూపర్‌వైజరుకు నేనే ఫోను చేసి, ఆ చోటు ఇంకెవరికైనా ఇచ్చుకోమని చెప్పాను. ఫీజు సంగతి ఏదో చూసుకుంటాం. పైన ‘తిరస్కరించి’ అని ఉన్న చోట పెన్నుతో కొట్టేసి ‘మంజూరు చేసి’ అని రాశాను, తమరు అలా చదువుకోండి. ఇంకొక కార్డు ఉంటే అది కూడా ఇప్పించండి. రేపు మల్లప్ప గారి హాలు గేటు దగ్గర ఆపితే చూపించడానికి నాకు కావాలి.