మామయ్యగారి రెండు మందుల పుస్తకాలు

మామయ్యగారూ, మిసో చారు పొయ్యి మీదే ఉంది, వేడి చేసుకుని తాగండి. తెల్ల బిళ్ళ మాత్రం ఇక వేసుకోవద్దు. డబ్బాలోంచి తీసేశాను, వెతక్కండి.

వాడే మందులన్నీ ఒకే మందుల పుస్తకంలో రాసి ఉండాలి కదా, మీరు కువబారా డాక్టరుకు ఒకటి, ఏటి అవతలి డాక్టరుకు ఇంకొకటి చూపిస్తున్నారా! ఎవరూ నొచ్చుకోకూడదనా? ఎంత మర్యాదండీ మీది! నిన్న నేను మందులిచ్చే షాపుకు పొరపాటున రెండూ తెచ్చి దొరికిపోయారు. ఇద్దరూ ఒకే బీపీ మందును వేరే వేరే పేర్లతో రాశారు. నెల రోజులుగా మీరు రెండూ మింగుతున్నారు. స్నానాల గదిలో కళ్ళు తిరిగింది అందుకే, ముసలితనం వల్ల కాదు.

"ఇంటి కోడలివి, నాకే ప్రశ్నలా? ఇచ్చెయ్యవమ్మా!" అని షాపులో అందరి ముందూ కసిరారు. ఎవరి కోడలినైనా సరే, అనుమానం వస్తే డాక్టరును అడగకుండా మందు ఇవ్వకూడదు. అది రూలు. ఫోన్ చేశాను, కువబారా గారే తెల్లది ఆపేశారు. ఇకనుంచి మీకు ఒకటే పుస్తకం. అలిగి అన్నం మానకండి.

ఏడింటికల్లా వస్తాను.

నత్సుయో

చెప్పడం మరిచాను. వెళ్తూ వెళ్తూ బెంచీ మీది పెద్దావిడతో, "మా కోడలేనండీ, నన్ను కూడా వదల్లేదు చూశారా!" అని మీరు మురిసిపోవడం నాకు వినపడింది.