కళ్ళు మూసుకుని ఎంచుకున్న ఫోన్

మంగళవారం, రాత్రి

నా చూపు ఇంకా తగ్గుతుందని డాక్టరు గారన్నారు కదా, అందుకే ఇవాళ మా ఆయనతో బీసెంట్ రోడ్డులో ఫోన్ల కొట్టుకి వెళ్ళి బటన్లుండే పాత స్మార్ట్‌ఫోన్లు రెండు చూశాను. కళ్ళు మూసుకుని రెండింటి మీదా నా పేరు కొట్టాను. పెద్దదాంట్లో బటన్లు మరీ నున్నగా ఉండి వేలు జారింది. చిన్నదాంట్లో ప్రతి బటనూ వేలికి విడిగా తగిలింది, పేరు తప్పు లేకుండా వచ్చిందని ఆయన చదివి చెప్పారు.

"ఎందుకే ఇవన్నీ? నోటితో చెప్తే ఫోనే రాసుకుంటుందిగా," అన్నారాయన.

"మా చెల్లికి చెప్పుకునేవన్నీ మీరు వింటారుగా!"

నవ్వారు. నేను కళ్ళు తెరిచి, చిన్నదాన్ని ముఖానికి దగ్గరగా పెట్టుకుని చూసి, ఇదే కావాలన్నాను.

"దీని మీద అక్షరాలన్నీ అరిగిపోయాయి కదే!"

"నాకు వేళ్ళు చాల్లెండి," అని నవ్వేశాను.

అంత దగ్గరగా చూసి కూడా, అవి అరిగిన సంగతి నాకు తెలియలేదు. ఆ మాట ఆయనకింకా చెప్పలేదు.